పాత మిల్లింగు యంత్రాన్ని అమ్మవచ్చునా?

కంప్యూటరు ఆజ్ఞలతో పనిచేసే సి.ఎన్.సి. యంత్రాలు వచ్చిన తరువాత, చేతితో పిడి త్రిప్పి నడిపే పాత మిల్లింగు యంత్రం ఇంకెందుకని అడిగేవారు ఎక్కువైనారు. దానిని తుక్కు క్రింద అమ్మివేస్తే ఆ చోట నాలుగు కంప్యూటర్లు పెట్టవచ్చునని వారి వాదం. తెలుగు పాఠం చెప్పుకొనే మాకు ఇనుప యంత్రాల గొడవ ఎందుకని విద్యార్థులు నవ్వవచ్చును. అయినను ఈ విషయంలో మేము ఊరకుండలేకపోతున్నాము.

లేతుకు మన రెండు భాషలలోను పేరున్నది. తెలుగులో తరిమెన, ఉర్దూలో ఖరాద్. మిల్లింగు యంత్రానికి మాత్రం ఇంగ్లీషు పేరే వాడుకలో నిలిచినది. తరిమెన మీద వస్తువు తిరుగుతుంది, ఉలి నిలిచి ఉంటుంది. మిల్లింగులో పళ్ళు గల కట్టరు తిరుగుతూ ఉంటే, బల్లకు బిగించిన లోహం మెల్లగా దాని క్రిందికి జరుగుతుంది. చదునైన ముఖాలు, గాడులు, దంతచక్రాల పళ్ళు ఇట్లా తయారవుతాయి. 1862లో అమెరికాలోని ప్రావిడెన్సులో జోసెఫ్ బ్రౌన్ సార్వత్రిక మిల్లింగు యంత్రాన్ని నిర్మించేదాకా, డ్రిల్లుల మెలిక గాడులను పనివారు ఆకురాయితో రాచి తీయవలసి వచ్చేది.

కొత్త యంత్రం వచ్చినది గనుక పాతది వ్యర్థమనేవారు ఒక సంగతి గమనించాలి. 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, అంకెల ఆజ్ఞలతో నడిచే మిల్లింగు యంత్రాన్ని ప్రదర్శించినారు. దానిని మొదటి నుండి కొత్తగా నిర్మించలేదు. సిన్సినాటి వారి హైడ్రోటెల్ మిల్లింగు యంత్రానికే ఆ ఏర్పాటును తగిలించినారు.

పాత యంత్రంలో మరకు, నట్టుకు మధ్య కొంత వదులు ఉంటుంది. కట్టరు తిరిగే దిక్కునకే లోహాన్ని జరిపితే, ఆ వదులు మేరకు కట్టరు బల్లను ఒక్కసారిగా తనవైపు లాగుకొంటుంది, పళ్ళు విరుగుతాయి. అందుచేత ఎదురు దిక్కుగా కోయడం అలవాటు. వదులు లేని మరలు గల సి.ఎన్.సి. యంత్రంలో అదే దిక్కున నిర్భయంగా కోస్తారు, నునుపు కూడ బాగుంటుంది. ఈ తేడాకు కారణం తెర మీద కనబడదు. పిడి పట్టిన చేతికి ఒక్క పూటలో తెలుస్తుంది.

ఇక లెక్క సంగతి. ఇండెక్సింగ్ హెడ్డులో సాధారణంగా పిడిని 40 మార్లు త్రిప్పితే వస్తువు ఒక చుట్టు తిరుగుతుంది. 24 పళ్ళ చక్రానికి ఒక్కొక్క పంటికి 40ని 24తో భాగించగా ఒకటి, మూడింట రెండు వంతులు. అనగా ఒక పూర్తి చుట్టు, ఆపైన 18 రంధ్రాల వలయంలో 12 ఎడములు. భిన్నాలంటే పారిపోయే పిల్లవానిని ఇక్కడ నిలబెట్టి చూడవలెను.

సికింద్రాబాదులో 1943లోనే ప్రాగా టూల్సు స్థాపితమైనది. యంత్రాలను చేసే యంత్రాలు మన ఊరికి కొత్త కావు. వీధి వర్క్‌షాపులలో ఉస్తాదు చేతి క్రింద పెరిగిన కుర్రవానికి మర వదులు వేలికొనలతో తెలుసు; భిన్నం వ్రాయడం రాదు, సర్టిఫికేటు లేదు. మన విద్యార్థికి భిన్నం వచ్చును, సర్టిఫికేటు వస్తుంది; కట్టరు బిగించమంటే చొక్కాకు నూనె అంటునని వెనుకాడుతాడు. వారిద్దరూ తరచుగా ఒకే వాడ పిల్లలు, ఒక్కొక్కప్పుడు ఒకే ఇంటి అన్నదమ్ములు. ఈ దూరాన్ని మేము చిన్నదిగా చూడలేము. కంప్యూటర్లు వద్దని మా అభిప్రాయం కాదు. అవి తప్పక రావలెను, మరొక గదిలోకి.

కమిటీ పెద్దలకు మా మనవి ఇది. యంత్రాన్ని ఉన్నచోటనే ఉండనివ్వండి. అరిగిన కట్టర్లకు సాన పట్టించండి. వారానికి ఒక సాయంత్రం దానిని ఆ ఉస్తాదుల శిష్యులకు కూడ తెరవండి. మన విద్యార్థులు వారికి లెక్క చెప్పవచ్చును, వారి వద్ద చేతిపని నేర్చుకొనవచ్చును. భాగాల పేర్లను ఉర్దూ, తెలుగు లిపులలో వ్రాసి గోడకు తగిలించే పని మాకు అప్పగించండి.