నట్టింట నక్షత్ర తాబేలు.. అదృష్టమా, అపరాధమా?

శ్రీకాకుళం: శ్రీమహావిష్ణువు కూర్మరూపంలో పూజలందుకునే అరుదైన క్షేత్రం గార మండలంలోని శ్రీకూర్మం. ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్లను స్వామి ప్రతిరూపాలుగా భావించి పోషిస్తుండటం విదితమే. 2025 ఏప్రిల్‌లో అక్కడ కొన్ని తాబేళ్లు మృతి చెందాయని, వాటి కళేబరాలను తగులబెట్టారని వెలువడిన వార్తలు భక్తులను కలచివేశాయి. నలుగురి కంట పడే చోట ఉన్న జీవాలకే ఆ గతి పడితే, నాలుగు గోడల మధ్య గుట్టుగా పెంచుతున్న వాటి పరిస్థితి ఏమిటన్న ప్రశ్న సహజంగానే ఉదయిస్తుంది. తాబేలు ఇంట ఉంటే సిరిసంపదలు కలిసివస్తాయన్న నమ్మకం పట్టణాల్లో బలంగా ఉంది. ఆ నమ్మకంతో వీటిని కొని పెంచుతున్నవారిలో అనేకులకు అది శిక్షార్హమైన నేరమన్న సంగతే తెలియకపోవడం గమనార్హం.

తొట్టెలోనే ప్రాణగండం

తాబేలు అనగానే నీటి తొట్టె గుర్తుకు రావడమే అసలు పొరపాటు. నక్షత్ర తాబేలు నీటి జీవి కాదు, దానికి ఈత రాదు. లోతైన నీటిలో వదిలితే మునిగి చనిపోతుంది. ముళ్ల పొదలు, గడ్డి నేలలతో కూడిన మెట్ట ప్రాంతాలే దాని ఆవాసం. మన దేశంలో గుజరాత్, రాజస్థాన్ ప్రాంతాలతోపాటు తమిళనాడు, కర్ణాటక తూర్పు భాగం, ఆంధ్రప్రదేశ్, ఒడిశాలలోనూ, పొరుగున పాకిస్థాన్, శ్రీలంకల్లోనూ ఇవి కనిపిస్తాయి. గడ్డి, ఆకులు, రాలిన పండ్లు, పూలు ప్రధాన ఆహారం.

ఇళ్లలో జరుగుతున్నది ఇందుకు పూర్తిగా విరుద్ధం. అన్నం, రొట్టె, పాలు పెట్టి ప్రేమ చూపామనుకుంటారు. ఎండ తగలక, సున్నపు ధాతువు అందక ఎముకలు బలహీనపడతాయి. డిప్ప మెత్తబడుతుంది, లేదా పలకలు గుట్టల్లా పైకి లేచి వంకర తిరుగుతుంది. చలి, చెమ్మ ఉన్న గదుల్లో ఊపిరితిత్తుల వ్యాధులు సోకుతాయి. తాబేలు అరవదు, మొరపెట్టుకోదు. దశాబ్దాల ఆయుర్దాయం గల ఆ జీవి నెలల తరబడి కృశిస్తున్నా ఇంటివారికి తెలియదు. తెలిసేసరికి చేయి దాటిపోతుంది.

చట్టం ఏమంటోంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం నక్షత్ర తాబేలును పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట ఉంచుకోవడం నిషిద్ధం. 2022 సవరణతో దీనిని మొదటి షెడ్యూలులో చేర్చారు. ఈ షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా విధించవచ్చు. అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కూడా 2019లో దీనిని మొదటి అనుబంధంలోకి మార్చి, వ్యాపారాన్ని నిషేధించింది.

విదేశీ జంతువుల పెంపకందారులు వివరాలు నమోదు చేసుకోవాలంటూ కేంద్రం 2024లో నిబంధనలు తెచ్చింది. ఆ నమోదుతో నక్షత్ర తాబేలునూ పెంచుకోవచ్చని కొందరు భావిస్తున్నారు. ఇది మన నేల జీవి. ఆ వెసులుబాటు దీనికి వర్తించదు.

కొనుగోలుతోనే వేట

ఒక్క తాబేలే కదా అన్న వాదనలో పస లేదు. దేశంలోని ఒకే ఒక వ్యాపార కేంద్రానికి ఏటా కనీసం 55 వేల నక్షత్ర తాబేళ్లు చేరుతున్నాయని 2015లో ప్రచురితమైన ఒక పరిశోధన వెల్లడించింది. అడవి నుంచి పట్టినవి చెన్నై, బెంగళూరు వంటి నగరాల మీదుగా ఆగ్నేయాసియా దేశాలకు తరలుతున్నాయి. పెట్టెల్లో కుక్కిన వాటిలో కొన్ని దారిలోనే చనిపోతాయి. అంటే ఇంటికి చేరిన ప్రతి తాబేలు వెనుక చేరని తాబేళ్ల లెక్కా ఉంటుంది. పొదల్లో పట్టి ఇచ్చే పేదకు దక్కేది స్వల్పం. లాభమంతా దళారులదే. ఎర్రచందనం దుంగ పట్టుబడితే జరిగే హడావుడిలో సంచిలో దాగే ఈ మూగజీవి ఊసు వినిపించదు.

వదిలేస్తే సరిపోదు

కేసు భయంతో చాటుగా చెరువులోనో, కొండ వాలులోనో వదిలేయడం మరో అనర్థం. చెరువులో వేస్తే మునుగుతుంది. అడవిలో వదిలితే ఇంటి నుంచి వెంట తెచ్చుకున్న వ్యాధిని అక్కడి తాబేళ్లకు అంటించే ప్రమాదం ఉంది. వాయవ్య భారతంలోని తాబేళ్లకు, దక్షిణాది తాబేళ్లకు జన్యుపరంగా స్పష్టమైన తేడా ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు. ఏ ప్రాంతానిదో తేల్చకుండా కలిపేస్తే రెండు వంశాలూ కలుషితమవుతాయి. స్వాధీనం చేసుకున్న తాబేళ్లను అటవీ శాఖ సైతం వెంటనే విడుదల చేయలేకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇలాంటి జీవి చేతికి వస్తే 48 గంటల్లోగా సమీప పోలీస్ స్టేషన్‌లో గానీ, అధీకృత అధికారికి గానీ తెలిపి అప్పగించాలన్నది చట్టం నిర్దేశించిన మార్గం. ఏళ్ల తరబడి తెలియక పెంచినవారు మాత్రం ముందుకు రావడానికి జంకుతున్నారు. వన్యప్రాణులు, వాటి అవశేషాలు గలవారు స్వచ్ఛందంగా వెల్లడించేందుకు 2003లో కేంద్రం 180 రోజుల గడువు ఇచ్చిన దాఖలా ఉంది. పెంపుడు తాబేళ్ల విషయంలోనూ అలాంటి అవకాశం కల్పించి, అటుపై విక్రేతలపై కఠినంగా వ్యవహరిస్తే ఫలితం ఉండవచ్చు. అప్పగించిన వాటికి పశువైద్యులు, తగిన ఆవరణలు సిద్ధంగా లేకపోతే మాత్రం ఒక చెర నుంచి మరో చెరకు మార్చినట్లే అవుతుంది.

కూర్మనాథుని కొలిచే జిల్లా ఇది. ఆ స్వామి రూపాన్ని తొట్టెలో బంధించి సిరులు కోరడం భక్తి అనిపించుకోదు. కొనేవారు ఆగితేనే పట్టేవారూ ఆగుతారు.