లెక్క తప్పింది సరే, ఎందుకు తప్పిందో అడిగారా?

మూడో తరగతి పాప 52లోంచి 27 తీసేసి 35 అని రాసింది. టీచర్ తప్పు కొట్టి సున్నా వేస్తే, ఆ పాపకు తీసివేత రాదని రికార్డయిపోతుంది. కానీ లెక్క మళ్లీ చూడండి. 2లోంచి 7 పోదు కాబట్టి 7లోంచి 2 తీసేసింది. పదుల నుంచి అప్పు తెచ్చుకోవడం ఒక్కటే ఆమెకు అర్థం కాలేదు. "ఎలా చేశావమ్మా?" అని అడిగితే ఇది తెలిసేది. పది పుల్లల కట్ట ఒకటి విప్పి చూపిస్తే సరయ్యేది. పాఠం నడుస్తుండగానే ఇలా తెలుసుకుని బోధన మార్చుకోవడమే నిర్మాణాత్మక మూల్యాంకనం.

విద్యాహక్కు చట్టం-2009, సెక్షన్ 29 నిరంతర సమగ్ర మూల్యాంకనం ఉండాలంది. మన రెండు రాష్ట్రాల్లో అది ఎఫ్‌ఏ-1, ఎఫ్‌ఏ-2 అంటూ మరో పరీక్షగా, రిజిస్టర్లో నింపే అంకెలుగా మిగిలింది.

ఈ నష్టం అందరికీ ఒకేలా ఉండదు. ట్యూషన్ ఉన్న పిల్లాడి తప్పును సాయంత్రం ఇంకెవరో దిద్దుతారు. కూలికెళ్లే, చదువుకోని తల్లిదండ్రుల బిడ్డకు ఆ తప్పు పై తరగతికీ వెంట వస్తుంది. మన వాడల్లో తొలితరం చదువరులకు బడిలో టీచరే దిక్కు. తరగతి గదిలో ఇలాంటి మూల్యాంకనం బాగా జరిగితే వెనకబడిన పిల్లలే ఎక్కువ లాభపడతారని పాల్ బ్లాక్, డిలన్ విలియం 1998లోనే చెప్పారు.

అయితే దిద్దే చేతికీ కులం ఉంటుంది. రెమా హన్నా, లీ లిండెన్ మన దేశంలో చేసిన ప్రయోగంలో జవాబు పత్రాలపై కులాన్ని యాదృచ్ఛికంగా కేటాయించి టీచర్లతో దిద్దించారు. కింది కులమని ఉన్నవాటికి కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. ఆ తేడా కింది కులాల టీచర్లు దిద్దిన పత్రాల్లోనే కనిపించింది! కులం మన లోపలికి ఎంతగా దిగిందో ఇంతకన్నా రుజువేం కావాలి? అందుకే రోజువారీ మూల్యాంకనంలో మార్కులు వద్దు. అందరూ ఒకేసారి పలకలెత్తి చూపాలి. ఎవరిది ఏ రకం తప్పో టీచర్ రాసుకోవాలి.

2024 డిసెంబరులో కేంద్రం నిబంధనలు మార్చి, తన పరిధిలోని బడుల్లో 5, 8 తరగతుల పిల్లలను ఫెయిల్ చేసి ఆపే వీలు కల్పించింది. రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెడతారట. అయిదేళ్లు ఎవరూ అడగని ప్రశ్నకు శిక్ష పిల్లలకా?

బడి యాజమాన్య కమిటీలో మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, అందులో మనకూ తగిన వాటా ఉండాలని చట్టమే చెబుతోంది. అక్కడ కూర్చున్నప్పుడు మార్కులెన్నని అడగొద్దు. మా బిడ్డ ఎక్కడ ఆగింది, దానికి మీరేం మార్చారని అడుగుదాం.