ముందు నిలబడటం నేర్పండి, తర్వాతే రైఫిల్

పిల్లలను రైఫిల్ షూటింగులో చేర్పించాలన్న ఉత్సాహం మన ఏ.ఎస్. రావు నగర్ ఇళ్లలోనూ కనిపిస్తున్నది. సంతోషమే. అయితే తల్లిదండ్రులు మొదట అడిగేది రైఫిల్ ధర. మా మేనల్లుడి విషయంలో మేమూ ఆ పొరపాటే చేశాము. అప్పుచేసి విదేశీ రైఫిల్ కొన్నాము. నిలబడే తీరును ఎవరూ సరిదిద్దలేదు. ఏడాది తిరిగేసరికి కుర్రవాడికి నడుంనొప్పి మిగిలింది, రైఫిల్ బీరువాలోకి చేరింది.

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. ఐదున్నర కిలోల వరకూ బరువుండే రైఫిలుతో, నిలబడి, అరవై సార్లు కాల్చాలి. ఇంత బరువును కండబలంతో మోస్తే చెయ్యి వణకక మానదు. బరువును ఎముకల మీదుగా నేలకు దించాలి. కుడిచేతివాటం కుర్రవాడైతే ఎడమ పక్కను గురివైపు తిప్పి, పాదాలను భుజాలంత వెడల్పున ఉంచాలి. ఎడమ తుంటిని కాస్త ముందుకు నెట్టి, ఎడమ మోచేతిని తుంటి మీద గానీ పక్కటెముకల మీద గానీ ఆనించాలి. నడుం పైభాగం కొద్దిగా వెనక్కు వాలుతుంది. తలను రైఫిల్ మీదికి వంచకూడదు. రైఫిలే చెంప దగ్గరకు రావాలి.

ఆ తర్వాత చేయవలసిన పరీక్ష ఒకటుంది. కళ్లు మూసుకుని, రెండు మూడుసార్లు ఊపిరి పీల్చి వదిలి, కళ్లు తెరవాలి. గురి పక్కకు పోయి ఉంటే చేతితో లాగకూడదు, పాదం జరపాలి. చేతితో లాగి నిలిపిన గురి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కండ సడలగానే మళ్లీ పాత చోటికే పోతుంది. ఈ ఒక్క సంగతి తెలియక ఎందరు పిల్లలు తమ కంటిచూపును తిట్టుకుంటున్నారో!

మన కాలనీకి పేరిచ్చిన డాక్టర్ ఏ.ఎస్. రావు గారు 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్.కు మూలపురుషుడు. అక్కడ పనిచేసి రిటైరైన పెద్దలకు వేరే చెప్పనక్కరలేదు: పీట కదులుతుంటే ఎంత ఖరీదైన పరికరమైనా సరైన రీడింగు ఇవ్వదు.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. రజతానికి తేడా 0.4 మాత్రమే. వినికిడి లోపం ఉన్న మన నగరపు యువకుడు ధనుష్ శ్రీకాంత్ 2022లోనూ, 2025లోనూ బధిరుల ఒలింపిక్సులో ఎయిర్ రైఫిల్ స్వర్ణం సాధించాడు. డెబ్బై గుండ్లకు కలిపి అర పాయింటైనా తేడా లేని ఆటలో, ప్రతి గుండుకూ శరీరం ఒకేలా నిలవకపోతే పతకం మాట అటుంచి ఫైనలే దక్కదు.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి. మొదటి మూడు నెలలు సొంత రైఫిల్ కొనకండి. శిక్షణ ఇచ్చేచోట ఉన్నదానితోనే భంగిమ నేర్పించమని గట్టిగా అడగండి. నడుముకు, పొట్టకు బలమిచ్చే వ్యాయామం రోజూ చేయించండి. ఎదిగే వయసులో వెన్ను వంచి బరువు మోయటం ఆషామాషీ కాదు. నొప్పి అంటే ఆ రోజుకు ఆపించండి. వీటికి రేంజి కూడా అక్కరలేదు. కాలనీ సంఘాలవారు ఉదయంపూట ఒక గంట కమ్యూనిటీ హాలు తెరిచి, గోడకు ఒక నిలువుటద్దం పెట్టిస్తే చాలు. ఈ వేసవి సెలవులలోగా ఆ ఏర్పాటు జరగాలని కోరుతున్నాను.