గెజిట్‌కెక్కని తేదీ

కేంద్ర సిబ్బంది, శిక్షణ విభాగం కార్యదర్శి గారికి,

ప్రజావేగుల (అక్రమాలను బయటపెట్టేవారి) రక్షణ చట్టానికి 2014 మేలో రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. అమలు తేదీని కేంద్రం గెజిట్‌లో ప్రకటించాలని అందులోనే ఉంది. ఆ తేదీ ఇంతవరకూ రాలేదు. ఫైలు మీ విభాగానిది కనుక మీకే రాస్తున్నాను.

అడవి నరికినా, వాగులోకి విషం వదిలినా ముందు తెలిసేది బీట్ ఆఫీసరుకూ, శాంపిల్ తీసే కాలుష్య నియంత్రణ మండలి ఇంజనీరుకూ. కాగితం మీద ఒకటి, నేల మీద ఇంకొకటి ఉందని పైకి రాస్తే ఏమవుతుందో సంజీవ్ చతుర్వేది సర్వీసు రికార్డే చెబుతుంది. హర్యానాలో అటవీ అధికారిగా ఉండగా సరస్వతీ అభయారణ్యంలోంచి హాన్సీ-బుటానా కాలువ తవ్వుతున్న కాంట్రాక్టర్ల మీద కేసు పెట్టారు. ఫతేహాబాద్‌లో ప్రభుత్వ సొమ్ముతో ప్రైవేటు భూమిలో మూలికల తోట పెంచడమేమిటని అడిగారు. ఫలితం: ఐదేళ్ళలో 12 బదిలీలు, 2007లో సస్పెన్షన్. మరుసటి ఏడాది రాష్ట్రపతి ఉత్తర్వుతో ఆ సస్పెన్షన్ రద్దయింది. 2015లో మెగసెసే పురస్కారమూ వచ్చింది. ఆయన అఖిల భారత సర్వీసు అధికారి కాబట్టి గోడు ఢిల్లీ దాకా వెళ్ళింది. శాంపిల్ సీసాలు మోసే మనిషి గోడు జిల్లా దాటదు.

కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు రాసుకోవచ్చు కదా అంటారేమో. అవినీతిపై ఫిర్యాదు చేసిన ఇంజనీరు సత్యేంద్ర దూబే హత్య తర్వాత, అందుకు వీలు కల్పిస్తూ 2004లో కేంద్రం తెచ్చిన తీర్మానం పరిధిలోకి రాష్ట్ర ఉద్యోగులు రారు. పటాన్‌చెరులో, పరవాడలో ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడేది వాళ్ళే. పోనీ పత్రికలకు చెబుదామంటే, ప్రవర్తనా నియమావళి కింద మెమో సిద్ధం.

మీరు పక్కన పెట్టిన చట్టం రాష్ట్ర ఉద్యోగులకూ వర్తిస్తుంది. దాని 11వ సెక్షన్ నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది: ఫిర్యాదు చేసినందుకు వేధించలేదని నిరూపించుకోవాల్సిన భారం శాఖదే. ఇప్పుడు జరిగేది దీనికి తలకిందులు. బదిలీ ఉత్తర్వులో ‘పరిపాలనా సౌలభ్యం’ అని రెండు ముక్కలు రాస్తే పై అధికారి పని అయిపోతుంది. అది కక్షసాధింపని రుజువు చేసుకోవడానికి ఉద్యోగి ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి.

అబద్ధపు ఫిర్యాదుల భయం కాదనలేనిది. తెలిసి తప్పుడు ఫిర్యాదు చేస్తే రెండేళ్ళ దాకా జైలని ఆ చట్టమే అంటోంది. ఇక సవరణలు చేశాక అమలు చేద్దామన్న మాట: 2015 సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గి, రాజ్యసభ దాటక మురిగిపోయింది. అది కొంత సమాచారాన్ని ఫిర్యాదుల్లో వాడకుండా కట్టడి చేసే బిల్లు. పోవడమే మేలైందని నా అభిప్రాయం.

చట్టంలో లోటూ ఉంది. అవినీతి, అధికార దుర్వినియోగం, నేరం అన్న మాటలున్నాయి గానీ, ప్రజారోగ్యానికీ పర్యావరణానికీ ముప్పు అన్న మాట లేదు. లంచం చేతులు మారకుండానే, తనిఖీకి వెళ్ళకపోవడం వల్ల ఊరి బోర్లు పాడవుతాయి. ఆ మాట తర్వాత చేర్చండి. ముందు తేదీ ప్రకటించండి. అది వెలువడేలోగా, ఫిర్యాదు చేసిన ఉద్యోగిని కదిలించాలంటే కారణం రాతపూర్వకంగా చూపాలని అన్ని రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులకూ ఒక లేఖ పంపండి.

భవదీయుడు,
ఒక పౌరుడు