పంజరం తలుపు తీస్తే సరిపోతుందా?

మా ఆఫీసులో ఎవరికైనా ఆన్‌సైట్ ఖరారైందంటే రెండు మెయిళ్ళు వస్తాయి. మొదటిది, ఫలానా సీటు దగ్గర స్వీట్లు ఉన్నాయి, వచ్చి తినండి అని. రెండోది, సోఫా, వాషింగ్ మెషీన్, బైకు అమ్మకానికి ఉన్నాయి అని. కిందటేడు మా టీములో ఒకాయనకి డాలస్ ప్రయాణం కుదిరినప్పుడు ఆ రెండో మెయిల్లో చివరి వరసలో ఇంకోటి కూడా ఉంది: "రామచిలక, పంజరంతో సహా, ఉచితం".

సోఫా కోసం ముగ్గురు పోటీ పడ్డారు. చిలక కోసం ఎవరూ రాలేదు. "మీ అమ్మగారు పగలంతా ఒక్కరే ఉంటారు కదా, కాలక్షేపంగా ఉంటుంది" అని ఆయన నన్ను పట్టుకున్నాడు. మొహమాటం కొద్దీ సరే అన్నాను. అలా మియాపూర్‌లో మా అయిదో అంతస్తు ఫ్లాటుకి చిట్టి వచ్చింది.

అమ్మకి మాత్రం ప్రాణం లేచొచ్చింది. తెనాలి నుంచి వచ్చినప్పటి నుంచీ ఆవిడకి ఇక్కడ మాట్లాడ్డానికి మనిషి లేదు. నేనా, పొద్దున పోతే రాత్రికి వస్తాను, వచ్చాక కూడా కాల్సులోనే ఉంటాను. రెండు నెలలు తిరిగేసరికి చిట్టి "అమ్మా, కాఫీ" అనడం నేర్చింది. అచ్చం నా గొంతే! నేను రోజూ ఆవిడతో మాట్లాడే మాటలు ఏమిటో చిలక చెబితే గానీ నాకు తెలియలేదు.

అయితే ఆ పంజరం చూస్తుంటే నాకు మనసొప్పేది కాదు. అది అటూ ఇటూ అడుగున్నర కూడా ఉండదు, రెక్క పూర్తిగా చాచడానికి వీల్లేదు. పైగా భక్త రామదాసు గత జన్మలో చిలకను పంజరంలో పెట్టినందుకే గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మగ్గాడని చిన్నప్పుడు నాకు కథ చెప్పింది అమ్మే. ఒక ఆదివారం పొద్దున, ఆవిడ గుడికి వెళ్ళిన సమయం చూసి, పంజరం టెర్రస్ మీదకి తీసుకెళ్ళి తలుపు తీసేశాను. స్వేచ్ఛ ప్రసాదించేశాననుకుని ఫోన్లో వీడియో కూడా మొదలుపెట్టాను.

చిట్టి బయటికి రావడానికే పది నిమిషాలు పట్టింది. వచ్చి పిట్టగోడ ఎక్కింది, ఎగరబోయింది, రాయిలా కిందికి జారి రెండంతస్తుల కింద సన్‌షేడ్ మీద పడింది. నిమిషంలో కాకులు చుట్టుముట్టాయి. వాచ్‌మన్ నిచ్చెన వేసి, తువ్వాలు కప్పి దాన్ని తీసుకొచ్చేసరికి తల మీద రక్తం. మన భాషలో చెప్పాలంటే, టెస్టింగ్ చెయ్యకుండా ఆదివారం పూట ప్రొడక్షన్‌లోకి రిలీజ్ చేశానన్నమాట. రోల్‌బ్యాక్ చేసింది వాచ్‌మన్.

పక్షుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాక అసలు పాఠం మొదలైంది. దాని ఎగిరే ఈకలు కత్తిరించేసి ఉన్నాయి. కత్తిరించిన ఈక గోరులా పెరగదట. ఆ మోడు దానంతట అది రాలిపోయి కొత్త ఈక రావాలి, ఈకలు మార్చుకోవడమేమో ఏడాదికోసారి. ఇక తిండి. పొద్దుతిరుగుడు గింజలు, పచ్చిమిరపకాయలు, పెరుగన్నం పెడుతున్నామని చెప్పి మేం గొప్పగా ఫీలయ్యాం. ఒట్టి గింజల మీద బతికే చిలకలకి ఎ విటమిన్ తగ్గిపోతుంది, కాలేయానికి కొవ్వు పడుతుంది అన్నాడాయన. ఏళ్ళ తరబడి ఎగరకపోతే ఛాతీ కండరం కూడా ఉండదు. రెక్కలున్నా ఎగరడానికి బలం ఉండదు.

దాన్ని మళ్ళీ అడవి పక్షిని చెయ్యాలంటే ఏం చేస్తారో అడిగాను. ముందు కొన్ని వారాలు విడిగా ఉంచి జబ్బులేమీ లేవని చూస్తారు. చిలకల నుంచి మనుషులకి సోకే జబ్బులూ ఉన్నాయి మరి. తిండి మెల్లగా మారుస్తారు. కొత్త ఈకలు వచ్చేదాకా ఆగుతారు. తర్వాత పొడవాటి పెద్ద గూట్లో తోటి చిలకలతో కలిపి వదులుతారు, అక్కడ ఎగిరి ఎగిరి కండ పట్టాలి. ఈలోపు మనుషులు వీలైనంత దూరంగా ఉండాలి. ఎందుకంటే మనిషిని చూస్తే భయపడని చిలకని బయట వదిలితే, అది నేరుగా ఎవరి చేతి మీదో వాలుతుంది, వాళ్ళు మళ్ళీ పంజరంలో పెడతారు. చివర్లో, అడవి చిలకల గుంపులు తిరిగే చోట చూసి వదులుతారు. నేను పది నిమిషాల్లో అయిపోతుందనుకున్న పనికి ఏడాది కూడా చాలకపోవచ్చు.

ఆ తర్వాత ఆయన తాపీగా ఇంకో మాట అన్నాడు. "అసలు రామచిలకని ఇంట్లో పెంచడం నేరమని తెలుసా?"

తెలీదు. ఒట్టు. మనలో చాలామందికి తెలీదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రామచిలకని పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం అన్నీ తప్పే. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక అది రెండో షెడ్యూల్లో ఉంది. జైలూ ఉంది, జరిమానా ఉంది. అలాంటి పక్షి ఎలాగైనా మన చేతికి వస్తే 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్లో గానీ అధీకృత అధికారికి గానీ తెలియజెయ్యాలి. మా ఇంట్లో నాలుగు నెలలుగా ఉంది! "ఉచితం" అన్న మాట ఎంత ఖరీదైనదో అప్పుడర్థమైంది.

ఇంటికొచ్చి అమ్మకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను :-) ఆవిడ ఒప్పుకోలేదు. "మన పెరళ్ళలో జామచెట్టు మీద వాలేవి, ఎవరు అడిగారు? అమ్మవారి చేతిలో చిలక లేదూ?" అంది. చివరికి, "నువ్వూ ఏదో ఒకరోజు ఆన్‌సైట్ పోతావు, ఇదీ పోతే నేను గోడలతో మాట్లాడుకోవాలా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. మూడు రోజులు మా ఇంట్లో చిట్టి తప్ప ఎవరూ మాట్లాడలేదు. నాలుగో రోజు ఆవిడే పంజరం కడిగి, జామకాయ ముక్కలు పెట్టి, "పద" అంది.

అటవీ శాఖ వాళ్ళకి అప్పజెప్పాం. మందలిస్తారని భయపడ్డాను గానీ మర్యాదగానే తీసుకున్నారు. కొన్ని నెలల తర్వాత కనుక్కుంటే, బతికే ఉంది, పెద్ద గూట్లో మిగతా వాటితో కలిసి ఉంది, కాస్త ఎగురుతోంది అన్నారు. బయటికి వదలడం మాత్రం అనుమానమే అన్నారు, మనుషుల్ని చూడగానే కమ్మీల దగ్గరికి వచ్చి కాఫీ అడుగుతోందట. మేం ముద్దుగా నేర్పిన మాటే దానికి అడ్డమైంది. ఆ సంగతి అమ్మకి సగమే చెప్పాను.

ఇప్పుడు నా అభిప్రాయం. వద్దనుకున్న చిలకల సమస్య చెడ్డవాళ్ళ వల్ల రాలేదు, మనలాంటి వాళ్ళ వల్లే వచ్చింది. పిల్లాడు ముచ్చటపడ్డాడని కొంటాం. జనవరి నుంచి ఏప్రిల్ దాకా చెట్టు తొర్రల్లోంచి ఈకలు కూడా రాని పిల్లల్ని లాగేస్తేనే అవి మన దాకా వస్తాయని ఆలోచించం. రామచిలక పంజరంలో పాతికేళ్ళు కూడా బతుకుతుంది. మనం ఏడాదికోసారి ఇల్లు, మూడేళ్ళకోసారి ఉద్యోగం, అదృష్టం బాగుంటే దేశం మారతాం. ఈ లెక్క కుదిరేది కాదు. చేతిలో ఉన్నదాన్ని బాల్కనీలోంచి "వదిలేయడం" పుణ్యం కాదు, బాధ్యత దులుపుకోవడం. ఇంకొకళ్ళకి ఇచ్చేయడం దారి కాదు, తప్పు చేతులు మారడం. రామచిలకైతే అటవీ శాఖకి అప్పజెప్పడం ఒక్కటే దారి.

మరి విదేశీ చిలకలో? ఆఫ్రికన్ గ్రే, మకావ్, కాకటూ లాంటివి ఉన్నవాళ్ళు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్లో నమోదు చెయ్యాలి, చేతులు మారితే అదీ తెలియజెయ్యాలి. వీటిని బయట అసలు వదలకూడదు, ఇక్కడి గాలీ తిండీ వాటివి కావు. కొత్త ఇల్లు వెతకాల్సిందే. గ్రే చిలకలు నలభై, యాభై ఏళ్ళు బతికే రకం. ఒంటరిగా వదిలేస్తే తమ ఈకలు తామే పీక్కుంటాయి. కాబట్టి ఇచ్చే ముందు వెళ్ళి ఇల్లు చూడండి. పగలు ఇంట్లో ఎవరుంటారు, రోజూ పంజరం బయట ఎంతసేపు తిప్పుతారు, పక్షుల డాక్టరు దగ్గర్లో ఉన్నాడా అని అడగండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ చిలకల ప్రాణం తీస్తుందని చెప్పండి. అలవాటైన తిండి, పాత పంజరం వెంట పంపండి. రెండు మూడు సార్లు పరిచయం అయ్యాకే ఇవ్వండి. ఉద్యోగానికి మనల్ని నాలుగు రౌండ్లు ఇంటర్వ్యూ చేస్తారు కదా, పక్షి కోసం ఒక్కటి చెయ్యలేమా?

ఇప్పుడు పొద్దున్నే కాఫీ నేనే కలిపి అమ్మకిస్తున్నాను. అరగంట లాప్‌టాప్ తెరవకుండా కూర్చుంటున్నాను. చిట్టికి చెయ్యగలిగింది పెద్దగా ఏమీ లేదు గానీ, అది చెప్పిన సంగతి మాత్రం మర్చిపోలేదు.

మీ ఆఫీసులో అలాంటి మెయిల్ ఎప్పుడైనా వస్తే, సోఫా సంగతి తర్వాత, ముందు ఆ చివరి వరస చూడండి. పంపినాయనకి ఈ ముక్క చెప్పండి. మీలో ఎవరైనా ఇలా అప్పజెప్పినవాళ్ళుంటే మీ అనుభవం రాయండి, నాకూ తెలుసుకోవాలనుంది.