మా మసీదు ఛత్ మీద రేకు నక్కో

పోయిన జుమా నమాజ్ అయ్యాక మా మొహల్లా మసీదు సదర్ సాబ్ మైకు పట్టుకుని ఏలాన్ చేశారు. "ఛత్ టపక్‌రీ. బర్సాత్ కే పైలే నికాల్ కే రేకులు డాల్‌దేతే. చందా దేవ్ భాయ్." పైకప్పు కారుతోంది కాబట్టి వానలకు ముందే దాన్ని తీసేసి రేకులు వేసేద్దాం, చందాలివ్వండి అని. జనం మాషాల్లా అన్నారు. ముందు సఫ్‌లో కూర్చున్న బుజుర్గు ఒకాయన బనీను జేబులోంచి మడతలు పడ్డ ఐదొందల నోటు తీసి అక్కడికక్కడే ఇచ్చేశాడు. నేను లేచి "సదర్ సాబ్, ఒక్క మాట" అన్నాను. "క్యా మియా, అఖ్బార్ కే బాతాం అఖ్బార్ మే లిఖో" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అఖ్బార్‌లో మా గల్లీ మసీదుకి చోటు దొరకదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందే సాఫ్‌గా చెప్తున్నా. నేను రేకులకు దుష్మన్‌ని కాదు. ప్లాస్టిక్ కవరు కింద పిల్లల్ని పెట్టుకుని పడుకునే గరీబుకి నాలుగు రేకులు దొరికితే అది అల్లా ఇచ్చిన నేమత్. గోదాముకి రేకు వేస్తారు, రైతుబజారుకి వేస్తారు, వేయాలి కూడా. నా గుస్సా వేరే చోట ఉంది. రెండడుగుల మందం గోడలు, టేకు దూలాలు, వాటి మీద ఇటుక, దాని మీద జానెడు డంగు సున్నం గచ్చు ఉన్న ఇమారత్‌ని చూసి, "ఇది పురానా అయింది, రేకు వేసేద్దాం" అనే మాట మీద ఉంది నా గుస్సా. మసీదు కమిటీలు అదే అంటాయి, బడికి మరమ్మత్ చేయించే సార్లు అదే అంటారు, వాటాలు తేలని దేవ్‌డీల వారసులూ అదే అంటారు. దీని వెనక మూడు దలీళ్లు చెప్తారు. మూడూ కచ్చా దలీళ్లే.

మొదటి దలీల్: ఛత్ కారుతోంది, కాబట్టి ఛత్ పాడైపోయింది.

నేను నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. సదర్ సాబ్ ఎక్కలేదు, ఆయన మోకాళ్లు బాగాలేవు, ఆ మాట ఒప్పుకుంటా. కానీ కమిటీలో జవాన్లు ఏడుగురున్నారు, వాళ్లూ ఎక్కలేదు. పైన ఏముంది? పర్నాలా నిండా ఆకులు, పావురాల ఈకలు, పతంగి మాంజా. నీళ్లు పోయే దారి మూసుకుపోతే ఏ ఛత్ అయినా చెరువవుతుంది. మూలన రావి మొక్క, బొటనవేలంత కాండం. దాని వేళ్లు గచ్చులో దూరి పగులు చేశాయి. ఆ పగులు మీద ఎవరో ఎప్పుడో సిమెంటు పూశారు. అసలు జుల్మ్ అక్కడ జరిగింది.

సున్నం ఊపిరి పీల్చే సామాను. తడిస్తే తాగుతుంది, ఎండకి వదిలేస్తుంది. సిమెంటు గట్టిది, ఊపిరాడనివ్వదు. సున్నం మీద సిమెంటు పూస్తే రెండూ ఎండకి ఒకేలా సాగవు, అంచు వెంట సన్న పగులు వస్తుంది. అందులోంచి నీరు లోపలికి పోతుంది, బయటికి రావడానికి దారి ఉండదు. ఆ తేమ పోయి పోయి గోడలో దూరి ఉన్న దూలం కొన దగ్గర కూర్చుంటుంది. టేకు అయినా అక్కడే చివుకుతుంది. అంటే రోగం కంటే ఇలాజే ఎక్కువ నష్టం చేసింది. ఇప్పుడు రోగి గొంతే కోద్దాం అంటున్నాం.

ఇది నా సొంత ఫల్సఫా కాదు. గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ గుంబజ్‌ల దగ్గరికి వెళ్లి చూడండి. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్లు అక్కడ చేసిన పెద్ద పనుల్లో ఒకటి, వెనకటి మరమ్మత్‌ల పేరుతో 20వ శతాబ్దంలో పూసిన సిమెంటుని చెక్కి తీసేసి మళ్లీ సున్నం వేయడం. నాలుగొందల ఏళ్ల గుంబజ్‌కి పనికొచ్చిన చూనా మా మొహల్లా మసీదుకి పనికిరాదా?

రెండో దలీల్: రేకు సస్తా.

సస్తా ఎన్నాళ్లకి? ఈ హిసాబ్ ఎవరూ వేయరు. రేకు ధర, ఇనుప ట్రస్ ధర, బిగించే కూలీ, ఇంతే కొటేషన్‌లో ఉంటుంది. దాని కింద మనుషులు కూర్చుంటారన్న సంగతి కొటేషన్‌లో ఉండదు. మే నెల ఎండకి కింద ఏ అస్తరూ లేని రేకు అరవై డిగ్రీలు దాటి కాలుతుంది. గాలి చల్లగా ఉన్నా సరే, ఆ రేకు పొయ్యి మీద పెనంలా కిందకి వేడి కొడుతూనే ఉంటుంది. జానెడు గచ్చు అలా కాదు. పగటి వేడిని తనలో పెట్టుకుని, కింద తెలియడానికి గంటలు తీసుకుంటుంది. జొహర్‌కి మసీదులోకి అడుగుపెట్టగానే "హాయ్ అల్లా, ఎంత చల్లగా ఉంది" అంటామే, ఆ చల్లదనం ఏసీది కాదు, ఛత్‌ది. అది పోతే కూలర్లు కావాలి, పెద్ద ఫ్యాన్లు కావాలి, రేకు కింద థర్మాకోల్ సీలింగ్ కావాలి, ప్రతి నెలా కరెంటు బిల్లు కావాలి. మళ్లీ జుమాకి మళ్లీ మైకు, మళ్లీ చందా.

2019లో రంజాన్ మే నెలలో వచ్చింది. మా చుట్టాల ఊళ్లో మసీదు సహన్ మీద అంతకుముందు ఏడాదే రేకులు వేశారు. ఇషా తర్వాత తరావీహ్‌కి నిలబడ్డాం. రాత్రి తొమ్మిదిన్నర. బయట రోడ్డు మీద గాలి ఆడుతోంది, లోపల షేర్వానీలు వీపుకి అంటుకుపోతున్నాయి. వేడి గాలి పైకి పోవాలంటే ఇదివరకు మీద ఆస్మాన్ ఉండేది, ఇప్పుడు రేకు ఉంది. ఎనిమిదో రకాత్ దగ్గర నా పక్కనున్న చాచా కూలబడిపోయాడు. నీళ్లు చల్లి బయటికి తెచ్చి పడుకోబెట్టాం. ఆయన కళ్లు తెరిచి మొదట అడిగింది "నా నమాజ్ టూట్‌గయి క్యా" అని. ఆయనకి నేనేం జవాబ్ చెప్పాలి?

ప్రభుత్వానికి కూడా ఈ సంగతి తెలుసు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ సర్కారు కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, 2028 దాకా అమలు అని. ఎండని తిప్పికొట్టే తెల్లటి పైకప్పులు వేసుకోండి అని. బాగుంది. మా తాతలు ఏటా రంజాన్‌కి ముందు మిద్దె మీద సున్నం కొట్టేవాళ్లు, అదీ ఇదే. సర్కారు కొత్తగా చెప్తున్నదాన్ని మనం పురానా అని పారేస్తున్నాం.

మూడో దలీల్: రేకు తేలిక, గోడల మీద బరువు తగ్గుతుంది.

ఇది అన్నిటికంటే ఖతర్నాక్ దలీల్, ఎందుకంటే వినడానికి అఖల్‌మందీలా ఉంటుంది. మోటుగా లెక్క వేద్దాం. మా నమాజ్ హాలు దాదాపు వెయ్యి చదరపు అడుగులు, అంటే 93 చదరపు మీటర్లు. ఇప్పుడున్న గచ్చు, ఇటుక కలిపి చదరపు మీటరుకి మూడున్నర వందల కిలోల పైమాటే. మొత్తం ముప్పై టన్నులు దాటుతుంది. రేకు చదరపు మీటరుకి ఐదు కిలోలు, మొత్తం అర టన్ను లోపు. భేష్, బరువు తగ్గింది. ఇప్పుడు గాలి సంగతి చూడండి. భవనాల మీద గాలి లెక్కకి మన దేశంలో ఉన్న ప్రమాణంలో హైదరాబాద్‌కి పెట్టిన వేగం సెకనుకి 44 మీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకి 118 కిలోల బరువుతో సమానం. గాలి కప్పు మీదుగా పోయేటప్పుడు నొక్కడం కాదు, పైకి పీలుస్తుంది. మా హాలు మొత్తానికి అది పది పదకొండు టన్నుల దరిదాపుల్లోకి వెళ్తుంది, అంచుల దగ్గర ఇంకా జోరు. ముప్పై టన్నుల గచ్చుని ఆ గాలి ఏమీ చేయలేదు, దాని బరువే దానికి తాళం. అర టన్ను రేకుని ఎవరు పట్టుకోవాలి? బోల్టులు. బోల్టుల్ని ఎవరు పట్టుకోవాలి? సున్నంతో కట్టిన పాత గోడ.

ఆ గోడ బరువు మోయడానికి కట్టింది, లాగుడికి కట్టింది కాదు. దాంట్లో డ్రిల్లింగ్ మెషీన్ పెట్టి బోల్టు దించితే చుట్టూ సున్నం పిండిలా రాలుతుంది. పైగా ఆ దూలాలు ఊరికే ఛత్‌ని మోయడం లేదు, ఈ గోడని ఆ గోడకి చేయి పట్టించి నిలబెట్టాయి. వాటిని పీకేస్తే రెండు గోడలూ ఒంటరివి. ఏటా ఎండాకాలం గాలిదుమారాలకి ఎగిరిపోయిన రేకుల ఫోటోలు మా జిల్లా పేజీల్లో నేనే ఎన్నిసార్లు వేశానో. రేకు ఒక్కటే ఎగిరితే అల్హందులిల్లాహ్ అనుకోవాలి. గోడ పైవరస కూడా ఊడి వస్తే?

ఇంత ఎందుకు ఫికర్ పడుతున్నానంటే, నేను చదువుకున్న ఉర్దూ మీడియం స్కూలుకి ఇదే జరిగింది. పాత పెంకుల ఇమారత్. నేను ఏడో జమాత్‌లో ఉండగా పెంకులు దించి రేకులు వేశారు. మేం ఖుషీ అయ్యాం, నీలం రంగు కొత్త రేకులు. మొదటి వాన వచ్చిన రోజు తెలిసింది. ఉస్తాద్ సాబ్ పెదాలు కదులుతున్నాయి, మాట వినపడట్లేదు. ఆయన అరిచి అరిచి చివరికి తఖ్తా మీద రాసి చాక్‌పీసు కింద పెట్టి కూర్చున్నారు. ఆ తర్వాత వానకాలం అంతా సబఖ్ వాన ఇష్టం. ఎండాకాలం మధ్యాహ్నం చెట్టు కింద. పక్కన తెలుగు మీడియం స్కూలుకి స్లాబు ఉంది, మా నాన్నలాంటి వాళ్లు కొందరు ఆగారు, చాలామంది పిల్లల్ని మార్చేశారు. ఆ స్కూలు మూతపడటానికి ఛత్ ఒక్కటే కారణం అనను. కానీ "ఉర్దూ వాళ్లకి రేకు చాలు" అని ఎవరో ఒక టేబుల్ దగ్గర కూర్చుని అనుకున్నారు కదా, అది మాత్రం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఇప్పుడు ఆ మాట బయటివాళ్లు అనక్కర్లేదు. మా మసీదుకి రేకు చాలు అని మనమే మైకులో అంటున్నాం.

ఇంకో సంగతి. కమిటీ దగ్గర రెండు కాగితాలున్నాయి. ఒకటి రేకుల దుకాణం కొటేషన్, అంకెలు పెద్దగా, రంగుల్లో. రెండోది డంగు సున్నం పని తెలిసిన పాత మేస్త్రీ రాసిచ్చిన ఎస్టిమేట్, గీతల కాగితం మీద, తెలుగులో. కమిటీలో సగం మందికి ఉర్దూ తప్ప చదవడం రాదు. ఆ కాగితం బీరువాలో ఉండిపోయింది. మొన్న అడిగి తీసుకుని చదివాను. కొన చివికిన మూడు దూలాలకి కొత్త టేకు ముక్క అతకాలి, రావి వేళ్లు తీయాలి, సిమెంటు చెక్కాలి, కరక్కాయ, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో గానుగ సున్నం కలిపి వాలు పెట్టి గచ్చు వేయాలి, చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టాలి, పర్నాలాలు పెద్దవి చేయాలి. ఖర్చు రేకుల కంటే ఎక్కువే, అబద్ధం చెప్పను, రెండింతలకి కొంచెం తక్కువ. కానీ అందులో కూలర్లు లేవు, థర్మాకోల్ లేదు, పదేళ్లకి వాషర్లు మార్చి తుప్పు గీకే పని లేదు. ఆ పైసల్లో ఎక్కువ భాగం కారీగర్ల చేతికి పోతుంది.

సదర్ సాబ్‌కి, కమిటీకి నా దర్ఖాస్త్ మూడే మాటలు.

ఒకటి, ఇంజనీరు ఒకరు, ఆ మేస్త్రీ ఒకరు కలిసి పైకెక్కి చూడకుండా ఒక్క ఇటుక తీయొద్దు. వక్ఫ్ అంటే అమానత్. దాన్ని ఇచ్చినవాళ్లు ఖబ్రస్తాన్‌లో ఉన్నారు కాబట్టి వాళ్ల తరఫున అడిగేవాళ్లు లేరని అనుకోవద్దు.

రెండు, రెండు కాగితాల హిసాబూ ఉర్దూలో, తెలుగులో రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి. తర్జుమా నేను చేస్తా, ముఫ్త్‌గా.

మూడు, ఈ వానలకి పని పూర్తి కాదంటే రేకే వేద్దాం, కానీ ఛత్ తీసేసి కాదు, ఛత్ పైన. గోడలు తాకకుండా, బయట నేలలో సొంత పునాది ఉన్న ఇనుప స్తంభాల మీద, మధ్యలో గాలి ఆడేలా రెండు మూడడుగులు ఖాళీ వదిలి, నీళ్లు మసీదు గోడకి దూరంగా పడేలా. ఎప్పుడంటే అప్పుడు విప్పి తీసేయొచ్చు. రేకు గొడుగులా పట్టుకున్నంతసేపు దోస్తే.

వచ్చే జుమాకి రెండు కాగితాల జిరాక్సులు తీసుకుని గేటు దగ్గర నిలబడతా. మైకు ఇస్తే సరే, ఇవ్వకపోయినా సరే. అందరికంటే ముందు ఆ ఐదొందలు ఇచ్చిన బుజుర్గుకి చదివి వినిపిస్తా. ఆయన పైసలతో ఏం చేయబోతున్నారో ఆయనకి తెలియాలి కదా.