పేక కలిపేది ఎవరు?

ఆన్‌లైన్ రమ్మీలో మోసం జరగకుండా తామే చూసుకుంటామని కంపెనీలు ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాయి. ఇద్దరు ముగ్గురు కూడబలుక్కుని, ఫోన్లలో ముక్కలు చెప్పుకుంటూ ఇంకో మనిషిని ఓడించడం ఒక మోసం. ఒకే మనిషి రెండు మూడు పేర్లతో ఒకే ఆటలో కూర్చోవడం మరొకటి. మనిషికి బదులు సాఫ్ట్‌వేర్ ఆడటం మూడోది. ఇలాంటివాళ్ళను పట్టుకుని ఖాతాలు మూసేస్తామన్నారు.

కానీ పేక కలిపేది కంపెనీ. ముక్కలు పంచేది కంపెనీ. పందెంలో వాటా తీసుకునేది కంపెనీ. ఆట ఎలా నడిచిందో చెప్పే రికార్డు ఉండేదీ కంపెనీ దగ్గరే. మోసం జరిగిందా లేదా అన్న తీర్పు కూడా కంపెనీయే చెబుతుందా? రచ్చబండ మీది పేకాటలో కనీసం పక్కవాడి చేతులు కనిపిస్తాయి!

ఇది ఉత్త అనుమానం కాదు. ఆడేవాళ్ళకు తెలియనివ్వకుండా, మనుషులతో కాక సాఫ్ట్‌వేర్‌తో ఆడించారని 2025 నవంబరులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఒక కంపెనీపై ఆరోపించింది. నిజానిజాలు కోర్టులు తేల్చాలి.

రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు అన్నది. కంపెనీలు ఆ మాటను కవచంగా తొడుక్కున్నాయి. పందెం కట్టించి క్లబ్బు యజమాని లాభం తీస్తుంటే నేరం కావచ్చని అదే తీర్పులో ఉన్న మాటను మాత్రం దాటవేశాయి.

2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. మంచిదే. కానీ ఆడినవారికీ ఆరు నెలల దాకా జైలన్నది. ఇక మోసపోయినవాడు ఫిర్యాదు చేస్తాడా? ఇంట్లోనూ చెప్పడు. నేను పనిచేసే పాణ్యంలో, పొదుపు సంఘం వాయిదా ఆగినప్పుడో, పుస్తెలు కుదువకు పోయినప్పుడో గానీ భార్యకు సంగతి తెలియదు. భర్త మొహం చాటేస్తాడు. వాయిదా కట్టమని అందరూ అడిగేది ఆమెనే. తాను ఎన్నడూ ఆడని ఆటలో ఓడిపోయేది ఆమె.

2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆడినవారిని వదిలి, ఆడించేవారికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా పెట్టింది. మరి పోయిన సొమ్ము మాటేమిటి? 2023 అక్టోబరు నుంచి ఈ పందేలపై 28 శాతం పన్ను పుచ్చుకున్న ప్రభుత్వానికి బాధ్యత లేదా?

1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు సారా దుకాణాలకు అడ్డం నిలబడ్డారు. ఫోనులోని దుకాణానికి గుమ్మం లేదు. కాబట్టి మనం అడ్డం నిలవవలసింది రికార్డుల దగ్గర. కంపెనీలు ఆట రికార్డులు చెరిపేయకుండా ప్రభుత్వం వాటిని స్వాధీనం చేసుకోవాలి. స్వతంత్రంగా పరిశీలింపజేయాలి. మోసం తేలిన చోట సొమ్ము తిరిగి ఇప్పించాలి. ఆడింది భర్త అయినా, ఫిర్యాదు చేసే హక్కు భార్యకు ఉండాలి. అప్పు తీర్చే బాధ్యత ఆమెదైనప్పుడు, లెక్క అడిగే హక్కు ఆమెది కాకుండా ఎలా పోతుంది?